6జీ పరిశోధన మొదలుపెట్టాలంటే ముందు ఏ పత్రాలు చదవాలి, సిమ్యులేషన్ ఎలా చేయాలి?

మీరు అడిగింది ఇది: డిజిటల్ కమ్యూనికేషన్స్ వచ్చు, మ్యాట్‌ల్యాబ్ వచ్చు, టెరాహెర్ట్జ్‌తో (100 గిగాహెర్ట్జ్ దాటిన చాలా ఎత్తైన ఫ్రీక్వెన్సీలతో) మొదలుపెట్టాలా? వేల పేజీల ప్రమాణాల్లో ఎక్కణ్ణుంచి చదవాలి?

ప్రమాణాల్లోకి వెళ్లే పని చేయాలనుకుంటే టెరాహెర్ట్జ్‌ని ప్రస్తుతానికి పక్కన పెట్టి 7 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల చూడండి. డబ్ల్యూఆర్‌సీ-27 (2027 ప్రపంచ రేడియో సదస్సు) ముందు పరిశీలనలో ఉన్న ఐఎంటీ (మొబైల్ సేవల) బ్యాండ్లు 4.4–4.8, 7.125–8.4, 14.8–15.35 గిగాహెర్ట్జ్ (ప్రాంతాన్ని బట్టి మార్పులున్నాయి). 3.5 నుంచి 7కి వెళ్తే ఫ్రీ స్పేస్ నష్టం 6 డీబీ పెరుగుతుంది. కానీ అదే సైజు ప్యానెల్లో నాలుగు రెట్ల యాంటెనా ఎలిమెంట్లు పడతాయి కాబట్టి బేస్ స్టేషన్ వైపు ఆ 6 డీబీ తిరిగి రాబట్టుకోవచ్చు. ఇప్పుడున్న టవర్లే సరిపోతాయన్న ఆశకి మూలం ఈ లెక్కే. అదే 3.5 నుంచి 140 గిగాహెర్ట్జ్‌కి వెళ్తే తేడా 32 డీబీ, పైగా కాంక్రీట్ గోడ దాటడం దాదాపు అసాధ్యం.

ఐటీయూ (ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ) 2023 నవంబర్‌లో 6జీ లక్ష్యాల మీద ఇచ్చిన ఎం.2160 సిఫార్సు ముందుగా చదవండి, చిన్నదే. మొబైల్ ప్రమాణాలు రాసే త్రీజీపీపీలో రిలీజ్ (విడత) 20 6జీకి అధ్యయన దశ, 6జీ తొలి స్పెక్స్ (ప్రమాణ పత్రాలు) రిలీజ్ 21లో. అందుకే ఈలోగా 5జీ స్పెక్ గట్టిగా రావాలి. ప్రతి 6జీ ప్రతిపాదననీ దానితోనే పోలుస్తారు.

స్పెక్‌ని వరసగా చదివితే ఏమీ మిగలదు. ఒక్క ప్రక్రియని పట్టుకుని పత్రాలు దాటుకుంటూ వెళ్లండి. ఫోన్ నెట్‌వర్క్‌లోకి ప్రవేశించడం దీనికి బాగుంటుంది (38తో మొదలయ్యేవి 5జీ పత్రాల నంబర్లు): 38.211లో 7.4.3 (ఎస్ఎస్‌బీ, అంటే ఫోన్ సెల్‌ని గుర్తించే సిగ్నల్ నిర్మాణం), 38.213లో 4, 8 సెక్షన్లు (సెల్ సెర్చ్, ర్యాండమ్ యాక్సెస్), 38.321లో 5.1 (ఎంఏసీ పొరలో ర్యాండమ్ యాక్సెస్), చివరికి 38.331లో 5.3.3 (కనెక్షన్ ఏర్పాటు). ఆ దారి మీద ప్రతి పారామీటర్ ఎక్కడ పుట్టి ఎక్కడ వాడబడుతుందో కాగితం మీద గీసుకోండి. వెర్షన్ నంబర్‌లో మొదటి సంఖ్య రిలీజ్: 18.4.0 అంటే రిలీజ్ 18. వేర్వేరు రిలీజ్‌ల పత్రాలు కలిపి చదవడం వల్లే చాలామందికి లెక్కలు కుదరవు.

ఒక విలువ ఎందుకు అలా ఎంచుకున్నారో స్పెక్‌లో దొరకదు. అది సమావేశాలకి కంపెనీలు ఇచ్చిన టీడాక్‌లలో ఉంటుంది. సభ్యత్వం లేకపోయినా ఉచితంగా దించుకోవచ్చు. వందల టీడాక్‌లు చదవక్కర్లేదు. ఫీచర్ లీడ్ సమ్మరీ (ఒక అంశం బాధ్యుడు రాసే సారాంశం), ఛైర్మన్ నోట్స్ చూస్తే ఎవరు ఏమన్నారో, ఏది తేలిందో తెలుస్తుంది. అందులో ‘అగ్రిమెంట్’, ‘వర్కింగ్ అజంప్షన్’, ‘ఎఫ్ఎఫ్ఎస్’ (ఫర్ ఫర్దర్ స్టడీ) మూడూ వేరు. రెండోది తర్వాతి సమావేశంలో మారిపోవచ్చు, మూడోది ఇంకా తేలనే లేదు. వాటి మీద థీసిస్ కట్టొద్దు.

ఇక సిమ్యులేషన్. ఎక్కువ పేపర్లు బోల్తా పడేది ఇక్కడే, నా మట్టుకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం కూడా ఇదే. మొదటి తప్పు ఎస్ఎన్ఆర్ (సిగ్నల్‌కి, నాయిస్‌కి నిష్పత్తి) నిర్వచనం. 30 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్, 40 మెగాహెర్ట్జ్ అంటే 106 రిసోర్స్ బ్లాకులు, 1272 సబ్‌క్యారియర్లు. ఎఫ్ఎఫ్‌టీ (టైమ్ నుంచి ఫ్రీక్వెన్సీకి మార్చే లెక్క) సైజు మాత్రం 2048, మిగతావి ఖాళీ. టైమ్ డొమైన్‌లో మొత్తం సిగ్నల్ పవర్ కొలిచి నాయిస్ కలిపితే, ఒక్కో సబ్‌క్యారియర్ దగ్గర అసలు ఎస్ఎన్ఆర్ మీరు రాసినదాని కంటే 2.07 డీబీ ఎక్కువ. గ్రాఫ్ అందంగా ఎడమకి జరుగుతుంది, కొత్త అల్గారిదమ్ గెలిచినట్టు కనిపిస్తుంది.

రెండోది ఛానెల్. 38.901లోని టీడీఎల్-సీ ఛానెల్ నమూనాకి చివరి ట్యాప్ (ప్రతిధ్వనిగా వచ్చే దారి) ఆలస్యం డిలే స్ప్రెడ్‌కి (ప్రతిధ్వనుల ఆలస్యాల విస్తృతికి) సుమారు 8.65 రెట్లు. 300 నానోసెకన్లు పెడితే 2.6 మైక్రోసెకన్లు. 30 కిలోహెర్ట్జ్‌లో సైక్లిక్ ప్రిఫిక్స్ (ప్రతిధ్వనులు పక్క సింబల్‌లో పడకుండా వదిలే రక్షణ సమయం) 2.34 మైక్రోసెకన్లు, పెద్ద నష్టం లేదు. 60కి మారిస్తే 1.17కి పడిపోతుంది, చాలా ట్యాప్‌లు బయటికి పోతాయి. 256-క్వామ్‌లో (ఒక సింబల్‌కి 8 బిట్లు మోసే మాడ్యులేషన్) ఎస్ఎన్ఆర్ ఎంత పెంచినా బీఎల్ఈఆర్ (తప్పుగా వచ్చిన బ్లాకుల శాతం) ఒక స్థాయి కింద దిగకపోతే, రిసీవర్ కోడ్‌ని అనుమానించే ముందు ఇది చూడండి.

బీఎల్ఈఆర్ 1 శాతం దగ్గర పాయింట్ పెట్టాలంటే కనీసం 100 తప్పు బ్లాకులు, అంటే 10,000 బ్లాకులు నడపండి. ఛానెల్ ఎస్టిమేషన్ ఆదర్శంగా పెట్టి తెచ్చిన లాభాన్ని అసలు పైలట్లతో (ఛానెల్‌ని అంచనా వేయడానికి పంపే తెలిసిన సిగ్నళ్లతో) మళ్లీ కొలవండి. చాలాసార్లు లాభం అక్కడే కరిగిపోతుంది. క్యారియర్ ఫ్రీక్వెన్సీ, యాంటెనా అమరిక, డిలే స్ప్రెడ్, వేగం, రిసీవర్ రకం, ఎస్ఎన్ఆర్ నిర్వచనం అన్నీ ఒక పట్టికగా ఇవ్వండి. అది లేని గ్రాఫ్‌ని వర్కింగ్ గ్రూప్‌లో ఎవరూ పోల్చుకోలేరు.

హార్డ్‌వేర్ మీద చేయాలంటే ఓపెన్ఎయిర్ఇంటర్‌ఫేస్ లేదా ఎస్ఆర్ఎస్‌రాన్ (రెండూ ఓపెన్ సోర్స్ 5జీ సాఫ్ట్‌వేర్), యూఎస్ఆర్‌పీ బీ210 (కంప్యూటర్‌కి తగిలించే సాఫ్ట్‌వేర్ రేడియో) సరిపోతాయి. 106 బ్లాకులకి (ఇక్కడ ఎఫ్ఎఫ్‌టీ 1536గా తగ్గించి) సెకనుకి 46.08 మెగాశాంపిల్స్, శాంపిల్‌కి 4 బైట్లు, ఒక్కో దిశలో సెకనుకి 184 మెగాబైట్లు, యూఎస్‌బీ 3.0 తప్పనిసరి. స్క్రీన్ మీద ‘యూ’, ‘ఎల్’ అక్షరాలు వరసగా పడుతుంటే కంప్యూటర్ శాంపిళ్లు సమయానికి అందించట్లేదని అర్థం. సీపీయూ గవర్నర్‌ని పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి. గాలిలోకి ప్రసారం చేయడానికి అనుమతి కావాలి, కాబట్టి 30–40 డీబీ అటెన్యుయేటర్ పెట్టి కేబుల్‌తోనే కలపండి. బీ210 6 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది; 7 గిగాహెర్ట్జ్ కొలతలకి యూఎస్ఆర్‌పీ ఎక్స్410 లాంటిది గానీ, బయట మిక్సర్ (ఫ్రీక్వెన్సీ మార్చే పరికరం) గానీ కావాలి.