డీఆర్‌ఓ కొనేముందు ఆ బార్‌ని తిరగేసి కింద కొలవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మిల్లింగ్ మిషన్ మీద స్టీల్ బార్‌లో వరుసగా బెజ్జాలు వేస్తున్నారు. విడిగా కొలిస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. జత బార్‌తో కలిపి పిన్నులు వేస్తే మాత్రం దిగడం లేదు. డబ్బు పెట్టి డీఆర్‌ఓ (టేబుల్ ఎంత జరిగిందో అంకెల్లో చూపించే డిజిటల్ రీడౌట్) బిగిస్తే ఈ బాధ పోతుందా అని అడిగారు.

పోదు. టేబుల్ ఎక్కడ ఆగిందో డీఆర్‌ఓ చెబుతుంది, అంతవరకు అది మంచి వస్తువే. కానీ డ్రిల్ బిట్ మొన ఇనుములోకి దిగాక ఎటు జారిందో దానికి తెలియదు. గాజువాక ఆటోనగర్‌లో ఇన్నేళ్ళుగా నా చేతి మీదుగా వెళ్ళిన తప్పుడు బెజ్జాల్లో పదింటికి ఎనిమిది బిట్ తప్పే. మిషన్ తప్పు చాలా తక్కువ.

ఇది నాకు 2018 జూన్‌లో తెలిసింది. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం ఉంటుంది కదా. ఆ 61 రోజుల్లోనే బోట్ల రిపేర్లు, వించీలు, ఐసు మిషన్ల పనులు అన్నీ పూర్తి చేసుకోవాలి. అందరూ మాత్రం ఆఖరి వారంలోనే వస్తారు. రెండు నెలల గడువు ఉండి కూడా మూడు రోజుల ముందు వచ్చి అర్జెంట్ అంటే మంచి పని ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. జూన్ 11 సాయంత్రం ఫిషింగ్ హార్బర్ నుంచి ఒకాయన వచ్చారు. ఐసుగడ్డలు నలగ్గొట్టే మిషన్‌కి రెండు బార్లు కావాలి. 40 మి.మీ. చదరం ఈఎన్8 (ఒక రకం కార్బన్ స్టీల్) బార్, 500 మి.మీ. పొడవు, 80 మి.మీ. దూరంలో ఆరేసి బెజ్జాలు. 12 మి.మీ. పిన్నులు రెండు బార్లలోంచీ ఆట లేకుండా దిగాలి.

అప్పటికి నేను మిల్లింగ్ మీదకి వచ్చి రెండేళ్ళు. మార్కింగ్ చేసి, పంచ్ కొట్టి, సెంటర్ డ్రిల్ (బిట్ జారకుండా ముందు చిన్న గుంట వేసే గట్టి పొట్టి బిట్) పెట్టకుండా 11.8 బిట్ నేరుగా దింపేశాను. త్వరగా అవ్వాలని స్పీడు నిమిషానికి 1200 చుట్లు పెట్టాను. బార్ చేత్తో ముట్టుకోలేనంత కాలింది. ఆ వెంటనే రీమర్ (బెజ్జాన్ని కచ్చితమైన సైజుకి తెచ్చే పనిముట్టు) కూడా వేసేశాను. రాత్రి పది గంటలకి రెండు బార్లూ కలిపి పిన్నులు వేస్తే మొదటి రెండూ దిగాయి. మూడోది సగంలో ఆగిపోయింది. సుత్తి తీసుకున్నాను. మా మేస్త్రి వచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"కొలిసేవా?" అన్నారు.

కొలిచాను, అన్నీ ఎనభయ్యే వస్తున్నాయి అన్నాను.

"పైన కొలుస్తావేట్రా? తిరగెయ్. బిట్టు బయటికొచ్చిన కాడ కొలు."

తిరగేసి, బెజ్జాల్లో పిన్నులు పెట్టి వెర్నియర్‌తో కొలిచాను. పైవైపు 0.05 తేడా కూడా లేదు. కిందవైపు మూడో బెజ్జం అర మిల్లీమీటరు పక్కకి పోయింది, ఐదోది 0.3. నలభై మిల్లీమీటర్ల లోతులో బిట్ వంగుకుంటూ వెళ్ళిపోయింది. నేను పైన మాత్రమే చూసి ధైర్యంగా ఉన్నాను.

రీమర్ వేశాం కదా, అది సరిచేయాలి కదా అని అడిగాను. ఆయన చెప్పిన మాట మీరూ గట్టిగా గుర్తుపెట్టుకోండి. రీమర్ సైజు దిద్దుతుంది గానీ చోటు దిద్దదు. ముందున్న బెజ్జం ఎటు వంగి ఉంటే అదీ అటే పోతుంది. వంగిన బెజ్జాన్ని మళ్ళీ నిటారుకి తేవాలంటే బోరింగ్ బార్ (ఒకే మొనతో బెజ్జం లోపలి గోడని కోసే పనిముట్టు) కావాలి, అది కూడా లోపల ఇంకా లోహం మిగిలి ఉంటేనే.

తర్వాత టేబుల్ మీద పడిన చిప్స్ (బిట్ కోసిన ఇనుప తురుము) చూపించారు. ఒక రకం పొడవుగా రిబ్బన్‌లా చుట్టుకుని ఉన్నాయి, మిగతాదంతా పొడి. బిట్‌కి రెండు గాడులు ఉంటాయి, సరిగ్గా నూరిన బిట్ రెండింట్లోంచీ ఒకేలా చిప్స్ వదులుతుంది. నా బిట్ ఒక అంచుతోనే కోసింది, రెండో అంచు ఊరికే రాసుకుంది. ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూస్తే ఒక అంచు రెండోదానికంటే పొడవుగా ఉంది. అలాంటి బిట్‌తో బెజ్జం పెద్దదీ అవుతుంది, పక్కకీ పోతుంది. ఎన్ని డీఆర్‌ఓలు బిగించినా ఇదే జరుగుతుంది.

మర్నాడు కొత్త బార్ తెచ్చాం. నన్ను మిషన్ ముట్టుకోనివ్వలేదు, పొద్దున్నంతా గ్రైండర్ దగ్గరే నిలబెట్టారు. యాంగిల్ గేజ్ ఇవ్వలేదు. ఒకే సైజు షడ్భుజి నట్లు రెండు తీసి పక్కపక్కన ఆనించి చూపించారు. వాటి మధ్య వచ్చే వీ ఆకారం 120 డిగ్రీలు. మామూలు బిట్ మొన 118. ఆ సందులో మొన కూర్చోబెట్టి వెలుతురుకి ఎత్తి చూస్తే ఏ వైపు తప్పో తెలిసిపోతుంది. నాలుగోసారికి నాకు కుదిరింది.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పాలి. ఇప్పుడు నా దగ్గరకి పనికి వచ్చే ఐటీఐ కుర్రాళ్ళలో చేత్తో బిట్ నూరగలిగినవాడు అరుదు. వాళ్ళని తప్పుపట్టను, వాళ్ళకి నేర్పినవాళ్ళు లేరు. అందరూ నేరుగా వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మిషన్) మీదకి వెళ్ళాలంటారు. వీఎంసీలోనూ బిట్ బిట్టే. కొలతకంటే ముందు నూరడం నేర్పాలని నా పట్టుదల. ఇంకోటి, కస్టమర్లు "బెజ్జమే కదా, ఒక్కోదానికి ఎంత?" అని లెక్క కట్టడం. బోల్టు వదులుగా దూరే 14 మి.మీ. క్లియరెన్స్ బెజ్జానికీ, 12 హెచ్7 బెజ్జానికీ ఒకే రేటు ఎలా ఇస్తారు? 12 హెచ్7 అంటే 12.000 నుంచి 12.018 లోపల ఉండాలి. పద్దెనిమిది మైక్రాన్లు.

ఇక ఆ రెండో జత ఎలా చేశామంటే, నల్ల బార్ పొక్కు మీద ఎడ్జ్ ఫైండర్ (బార్ అంచు ఎక్కడుందో పట్టిచ్చే పనిముట్టు) పెట్టకుండా ముందు రెండు పక్క ముఖాలు మిల్ చేసి శుభ్రం చేశాం. వైస్‌లో పారలల్స్ (ఒకే ఎత్తున్న స్టీల్ పట్టీలు) మీద కూర్చోబెట్టి, వైస్ దవడ వంకర లేకుండా ఉందో లేదో డయల్ గేజ్‌తో సరిచూశాం. ప్రతి బెజ్జానికీ టేబుల్ లాక్ చేసి సెంటర్ డ్రిల్ వేశాం. తర్వాత 11 మి.మీ. పొట్టి బిట్, స్పీడు 500 దగ్గర, మధ్యమధ్య పైకి లాగుతూ, సొల్యూబుల్ ఆయిల్ ధార ఆపకుండా. ఆపైన బోరింగ్ బార్‌తో 11.8కి తెచ్చి, బార్ చల్లారాక, స్పీడు సగానికి తగ్గించి రీమర్. చల్లారనివ్వడం చాదస్తం కాదు. 500 పొడవు స్టీల్ బార్ 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.17 మి.మీ. సాగుతుంది. రెండు బార్లూ కలిపి బిగించి ఒకేసారి వేసేయమని హార్బర్ ఆయన అన్నారు గానీ మేస్త్రి ఒప్పుకోలేదు. 80 లోతుకి బిట్ ఇంకా ఎక్కువ వంగుతుంది. 13 మధ్యాహ్నం పిన్ను పెట్టి బొటనవేలితో నొక్కితే, నూనెని బయటికి తోసుకుంటూ మెల్లగా దిగింది. ఆరింటికి ఆరూ.

మీ విషయంలో బ్యాక్‌లాష్ (హ్యాండిల్ వెనక్కి తిప్పినప్పుడు టేబుల్ కదలకముందు స్క్రూలో ఉండే వదులు) కూడా ఉండొచ్చు, కాదనను. దాని గుర్తు వేరు. హ్యాండిల్ గీత దాటిపోయిందని వెనక్కి తిప్పి గీత మీద ఆపితే ఆ ఒక్క బెజ్జమే తప్పుతుంది. దానికి ఒక వైపు దూరం ఎక్కువ, రెండో వైపు అంతే తక్కువ, మిగతావన్నీ సరిగ్గా ఉంటాయి. ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి వచ్చి ఆపితే అది పోతుంది, డీఆర్‌ఓ ఉన్నా పోతుంది. తేడా బెజ్జం బెజ్జానికీ పెరుగుతూ పోతే మాత్రం మీరు ప్రతిదీ ముందుదాని నుంచి కొలుస్తున్నారన్నమాట. అన్నీ ఒకే అంచు నుంచి కొలవండి.

మీ బార్ తిరగేసి, ఆరో పదో ఎన్ని ఉంటే అన్ని బెజ్జాలకీ పైకొలత, కిందికొలత రెండూ కామెంట్‌లో రాయండి. ఆ బిట్‌ని మొన వైపు నుంచి ఫోటో తీసి పెట్టండి. ఇంకా నూరకండి, ఉన్నదున్నట్టే పెట్టండి.