క్రేన్ సంగతి సరే, సంతకం పెట్టేముందు ఏం చూస్తున్నారు?

"మా ప్లాంట్‌కి 8 టన్నుల ట్రాన్స్‌ఫార్మర్, కొన్ని హెచ్‌టీ ప్యానెల్స్ (ఎక్కువ వోల్టేజ్ కరెంటుని పంచే స్విచ్‌ల బీరువాలు), పెద్ద మోటార్లు రాబోతున్నాయి. దించడానికి ఎన్ని టన్నుల క్రేన్ కావాలి? బిల్డింగ్ పూర్తయ్యేదాకా వాటిని ఎక్కడ పెట్టుకోవాలి?" అని అడిగారు.

క్రేన్ గురించి ముందే చెప్పేస్తాను. 8 టన్నుల బరువు కదా, 10 టన్నుల క్రేన్ చాలు అనుకోకండి. క్రేన్ మీద రాసి ఉండే టన్నులు బూమ్ (క్రేన్ చెయ్యి) బాగా దగ్గరగా ఉన్నప్పటి లెక్క. మీ దగ్గర క్రేన్ ఎక్కడ నిలబడుతుందో, సరుకు ఎంత దూరంలో దిగాలో టేపు పెట్టి కొలవండి. ఆ దూరానికి లోడ్ చార్ట్‌లో (ఎంత దూరంలో ఎంత ఎత్తగలదో చెప్పే పట్టికలో) ఎంత ఉందో అదే దాని అసలు బలం. అందులోనే హుక్కు, స్లింగుల (సరుకుని హుక్కుకి వేలాడదీసే తాళ్లు, గొలుసుల) బరువు కూడా పోతుంది.

ఇక స్లింగ్ కోణం. రెండు కాళ్ల స్లింగ్ నేలకి 60 డిగ్రీల్లో ఉంటే ఒక్కో కాలి మీద మొత్తం బరువులో దాదాపు 58 శాతం పడుతుంది. పొట్టి స్లింగ్ వేసి అదే కోణాన్ని 30 డిగ్రీలకి దించితే ఒక్కో కాలి మీదా 8 టన్నులకి 8 టన్నులూ పడతాయి. ట్రాన్స్‌ఫార్మర్‌ని లిఫ్టింగ్ లగ్గులతోనే (ఎత్తడానికని దానికి ఉండే చెవులు) ఎత్తాలి, బుషింగులకి (తీగలు కలిపే చోట ఉండే ఇన్సులేటర్లు), రేడియేటర్లకి స్లింగ్ తగలకూడదు. మోటార్ పైన ఉండే ఐబోల్టు (తల రింగులా ఉండే బోల్టు) ఆ మోటార్ ఒక్కదాన్ని ఎత్తడానికే. అది పంపుతో కలిపి బేస్‌ఫ్రేమ్ మీద బిగించి వస్తే బేస్‌ఫ్రేమ్‌కి ఉన్న లగ్గులు వాడాలి. రిగ్గర్ (బరువులు కట్టి ఎత్తించేవాడు) పని తెలిసినవాడైతే ఇవన్నీ మీరు చెప్పకుండానే చూసుకుంటాడు.

నా టెన్షన్ అంతా వేరే చోట. క్రేన్ పని చేస్తున్నంతసేపూ మేనేజర్ దగ్గర్నుంచి సెక్యూరిటీ దాకా అందరి కళ్లూ అక్కడే ఉంటాయి. సామాను పాడయ్యేది ఎవరూ చూడనప్పుడు. అంటే దారిలో, ఆ తర్వాత స్టోర్‌లో.

నేను పనిచేసిన ఒక ప్లాంట్‌కి ఇలాగే హెచ్‌టీ ప్యానెల్స్ వచ్చాయి. చీకటి పడుతోంది. డ్రైవర్‌కి ఇంకో లోడు ఉందట, తొందర పెడుతున్నాడు. చెక్కపెట్టెలు పైకి చక్కగా ఉన్నాయి, ఒక్క పలక కూడా విరగలేదు. "అన్నీ బాగానే ఉన్నాయి కదా సార్, సంతకం పెట్టేస్తే పాపం అతను వెళ్లిపోతాడు" అన్నాడు స్టోర్స్ అబ్బాయి. నేను టార్చి పట్టుకుని లారీ ఎక్కాను. క్యాబిన్ వైపు తిరిగి ఉన్న ఒక పెట్టె మీద షాక్ ఇండికేటర్ ఎర్రగా కనిపించింది. స్టిక్కర్ మధ్యలో సన్నటి గాజు గొట్టం ఉంటుంది. గట్టి దెబ్బ తగిలితే ఎర్రబడుతుంది, ఆ తర్వాత ఏం చేసినా మామూలు రంగుకి రాదు.

"రోడ్డు గతుకులకి అవి అలాగే అవుతాయి సార్" అన్నాడు డ్రైవర్. కావచ్చు. ఇండికేటర్ ఎర్రబడినంత మాత్రాన లోపల విరిగిందని కాదు, సరుకు తిప్పి పంపాలనీ కాదు. చూడకుండా ఒప్పుకోకూడదు, అంతే. దించకముందే, పెట్టె లారీ మీద ఉండగానే, బండి నంబర్ కూడా పడేలా ఫొటోలు తీశాను. రసీదు మీద పెట్టె నంబర్ వేసి, "షాక్ ఇండికేటర్ ఎర్రబడి ఉంది, లోపల తనిఖీ చేయాల్సి ఉంది" అని రాసి, కింద డ్రైవర్ చేత కూడా సంతకం పెట్టించాను.

మర్నాడు ఆ ప్యానెల్ వెనక కవర్ విప్పాం. బస్‌బార్‌ని (కరెంటు పారే లోహపు పట్టీని) పట్టి ఉంచే ఎపాక్సీ ఇన్సులేటర్లు వరసగా ఉన్నాయి. టార్చి వేసి చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. పొడి గుడ్డతో ఒక్కొక్కటే తుడుచుకుంటూ వచ్చాం. ఒకదాని అడుగున, బోల్టు దిగే చోట, వెంట్రుకంత గీత ఉంది. గోరుతో గీస్తే గోరు పట్టుకుంది. గీత కాదు, పగులు. అది గమనించకుండా ప్యానెల్‌కి కరెంటు ఇచ్చి ఉంటే పగులులో తేమ చేరి, లోలోపల డిశ్చార్జ్ (సన్నటి నిప్పురవ్వలు) మొదలై, ఏదో ఒక రోజు ఫ్లాషోవర్ (పెద్ద మెరుపుతో షార్ట్) అయ్యేది. అప్పుడు ప్యానెల్ ముందు ఎవరు నిలబడి ఉంటారో ఎవరికి తెలుసు?

సప్లయర్ మొదట "మీరు దించేటప్పుడే తగిలి ఉంటుంది" అన్నాడు. లారీ మీద తీసిన ఫొటో, రసీదు మీది రాత చూపించాక ఇంక మాట్లాడలేదు. ఇన్సులేటర్లు మార్చి, హై వోల్టేజ్ టెస్ట్ మళ్లీ చేసి ఇచ్చాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చాలా రసీదుల మీద "సరుకు మంచి స్థితిలో అందింది" అని ముందే అచ్చేసి ఉంటుంది. ఎలక్ట్రికల్ తెలియని మనిషిని గేటు దగ్గర నిలబెట్టి, ఆ వాక్యం కింద సంతకం చేయించడం చాలా అన్యాయం. తర్వాత మాట పడేది అతనే. ఎలక్ట్రికల్ నుంచి ఒకరు వచ్చేదాకా లారీ ఆగాల్సిందే, వెయిటింగ్ ఛార్జీ అడిగితే ఇచ్చేయండి.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. బిల్డింగ్ ఇంకా పూర్తికాలేదన్నారు. షెడ్డు లేకముందే సామాను తెప్పించడం, టార్పాలిన్ కప్పి చేతులు దులుపుకోవడం నేను చూసిన ప్రతి ప్రాజెక్టులోనూ ఉంది. టార్పాలిన్ వాననైతే ఆపుతుంది గానీ లోపలి తేమని బయటికి పోనివ్వదు. పగలు వేడెక్కిన గాలి రాత్రి చల్లబడి ప్యానెల్ లోపలే నీటి చుక్కలవుతుంది. అందుకే మోటార్లకీ ప్యానెల్స్‌కీ కంపెనీవాళ్లు స్పేస్ హీటర్లు (తేమ చేరకుండా లోపల వెచ్చగా ఉంచేవి) పెట్టి పంపుతారు. అవి స్టోర్‌లో ఉన్నప్పుడు కూడా పని చేయాలి. నా లెక్కలో క్రేన్ కింద పడి పోయిన సామాను కంటే హీటర్‌కి కరెంటు ఇవ్వక పోయిన సామానే ఎక్కువ. హీటర్ వేసేముందు మాత్రం లోపలున్న ప్లాస్టిక్ కవర్లు, అట్టముక్కలు, సిలికా జెల్ సంచులు తీసేయండి. హీటర్‌కి ఆనుకుని ఉంటే అంటుకుంటాయి.

మోటార్ల దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. కదలకుండా ఉన్న మోటార్‌కి పక్కన నడిచే మెషీన్ల వైబ్రేషన్ తగులుతుంటే, బేరింగ్ బాల్స్ ఒకే చోట నొక్కుకుని రేస్ (అవి దొర్లే రింగు) మీద గుంటలు పడతాయి. మోటార్ ఒక్క గంటైనా తిరగకుండానే బేరింగ్ పోతుంది. అందుకని కంప్రెసర్ పక్కన ఖాళీ ఉంది కదా అని అక్కడ పెట్టకండి. మాన్యువల్‌లో చెప్పిన గడువు ప్రకారం షాఫ్ట్‌ని చేత్తో కొన్ని చుట్లు తిప్పి, ప్రతిసారీ వేరే స్థానంలో ఆపాలి. రోలర్ బేరింగ్ మోటార్లకి రవాణా కోసం షాఫ్ట్ లాక్ వేసి పంపుతారు. దాన్ని పారేయకుండా దాచండి, మోటార్‌ని మళ్లీ ఇంకో చోటికి తరలించేటప్పుడు కావాలి.

మెగ్గర్ రీడింగ్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలత) సామాను వచ్చిన రోజే ఒకసారి తీసి రాసుకోండి, పక్కనే ఆనాటి టెంపరేచర్ కూడా వేయండి. 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి టెంపరేచర్ లేని రీడింగ్‌ని తర్వాత దేనితోనూ పోల్చలేరు. సామానుతో పాటు డ్రైవ్‌లు (మోటార్ వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరాలు), బ్యాటరీలు కూడా వస్తుంటే వాటి తయారీ తేదీలు అదే రిజిస్టర్‌లో ఎక్కించండి. చాలాకాలం కరెంటు లేకుండా పడి ఉన్న డ్రైవ్‌కి నేరుగా ఫుల్ వోల్టేజ్ ఇస్తే కెపాసిటర్లు పోవచ్చు, ముందు మెల్లగా వోల్టేజ్ పెంచుతూ వాటిని సిద్ధం చేసుకోవాలి. బ్యాటరీలకి మధ్యమధ్యలో ఛార్జింగ్ పెట్టాలి.