కర్రీ పాయింట్ కూరలతోనే బతుకుతున్నాను

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. గాజువాకలో రూమ్ తీసుకుని ఒక్కడినే ఉంటూ పరవాడ ఫార్మా సిటీలో షిఫ్టుల్లో పనిచేస్తున్నాను. అన్నం రైస్ కుక్కర్‌లో పెట్టుకుంటాను, కూర కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకుంటాను. నైట్ షిఫ్ట్ చేసొస్తే నూడుల్సే. ఈమధ్య కడుపులో మంట. బీపీ కూడా కొంచెం ఎక్కువుందన్నారు డాక్టర్. వండుకుందామంటే ఓపికా లేదు, టైమూ లేదు. ఏం చేయను?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: బాబూ, ముందు డాక్టర్ రమ్మన్న రోజుకి వెళ్లి బీపీ మళ్లీ చూపించుకో. అది మానకు.

నీ ఉత్తరం చదువుతుంటే నాకు 1986 గుర్తొచ్చింది. కంచరపాలెంలో ఒంటి గది, కిరోసిన్ స్టవ్. ఆఫీసు నుంచి వచ్చేసరికి ప్రాణం ఉసూరుమనేది. ఆర్నెల్లు క్యారేజీ భోజనమే తిన్నాను, నీలాగే కడుపు మంట తెచ్చుకున్నాను. ఒకరోజు పక్క వాటా పిన్నిగారు ఆనపకాయ చేతిలో పెట్టి, “ఇది పెసరపప్పులో పడేసుకో అమ్మా, ఇంకేం వద్దు” అన్నారు. ఆ రాత్రి మారు వడ్డించుకుని తిన్నాను.

వంటంటే కూర, పప్పు, చారు, పచ్చడి అన్నీ ఉండాలనుకుంటే ఎవరికైనా భయమే. నువ్వు ఒక్కటి వండు. ఐదు లీటర్ల కుక్కరూ అందులో పట్టే గిన్నెలు రెండూ కొనుక్కో. అడుగున గ్లాసు నీళ్లు పోసి, కింది గిన్నెలో అర గ్లాసు పెసరపప్పు, గ్లాసున్నర నీళ్లు, ఆనపకాయ ముక్కలు, రెండు పచ్చిమిర్చి, చిటికెడు పసుపు వెయ్యి. పై గిన్నెలో బియ్యం. నాలుగు కూతలు రానిచ్చి దించెయ్. పెసరపప్పుని నానబెట్టే పని లేదు. నువ్వు స్నానం చేసి వచ్చేలోగా ఆవిరి దిగిపోతుంది. ఇక పోపు. ఆవాలు చిటపటలాడాక చితక్కొట్టిన వెల్లుల్లి వేసి, అంచులు ఎర్రబడేదాకా ఆగు. తొందరపడితే పచ్చి వాసన వస్తుంది. తర్వాత ఎండుమిర్చి, కరివేపాకు వేసి పప్పులో కలిపెయ్. ఉప్పు చివర్న, నీ చేత్తో.

ఆ ఉప్పు గురించే నా బెంగంతా. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపే వాడమంటుంది, అంటే ఒక టీస్పూన్. నూడుల్స్ ప్యాకెట్ వెనక సోడియం ఎంతో రాసి ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు లెక్క తేలుతుంది. 1,000 మిల్లీగ్రాములు ఉంటే రెండున్నర గ్రాముల ఉప్పన్నమాట, రోజుకి సరిపడేదాంట్లో సగం! తప్పక తిన్నరోజు మసాలా పొట్లం సగమే వేసుకో.

కర్రీ పాయింట్‌కి అసలు వెళ్లొద్దని నేననను. గిన్నెలో పప్పుంటే ఆ కూర నంజుకోవడానికి కొంచెం చాలు, రెండు రోజులు సరిపెట్టుకోవచ్చు, ఫ్రిజ్ ఉంటేనే సుమా. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చాక పెరుగన్నం తిని పడుకో.

సెలవు రోజున రైతుబజార్‌కి వెళ్లు. ఆనపకాయ మీద గోరు గుచ్చి చూడు, ఇట్టే దిగితే లేతది. పెద్ద కాయైతే సగం కోసిమ్మని అడుగు, ఇస్తారు. ఒక్కడికి రెండు పూటలకి సరిపోతుంది.