ఒక యాప్‌కు డేటా ఉచితం, మరో యాప్‌కు అడ్డంకి: ఇది చట్టబద్ధమేనా?

ప్రశ్న: మా ఊరి కేబుల్ ఆపరేటర్ ద్వారా ఒక కంపెనీ బ్రాడ్‌బ్యాండ్ తీసుకున్నాను. కంపెనీ సొంత వీడియో యాప్ చూస్తే డేటా లెక్కలోకి రాదట. నేను విడిగా చందా కట్టిన యాప్ మాత్రం రాత్రిళ్లు ఆగి ఆగి వస్తోంది. ఎవరికి ఫిర్యాదు చేయాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీవి రెండు వేర్వేరు ఫిర్యాదులు, వాటికి వర్తించే నిబంధనలు కూడా వేర్వేరు.

చూసే విషయాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టడాన్ని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న జారీ చేసిన నిబంధనలు నిషేధించాయి. ఒక యాప్‌కు వాడిన డేటాను లెక్కించకపోవడం కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. ఉల్లంఘనకు రోజుకు 50,000 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 50 లక్షల వరకు కంపెనీ చెల్లించవలసి రావచ్చు గాని, ఆ సొమ్ము మీకు దక్కదు. అయితే, ఆ యాప్ ఇంటర్నెట్‌తో నిమిత్తం లేకుండా కంపెనీ సొంత నెట్‌వర్క్‌లోనే నడుస్తుంటే, అది నిషేధాన్ని తప్పించుకునే ఎత్తుగడ కానంతవరకు, మినహాయింపు ఉంది. కంపెనీ ఈ వాదనే చేసే అవకాశం ఉంది కనుక, అదే యాప్ వేరే కంపెనీ కనెక్షన్ మీద కూడా తెరుచుకుంటుందేమో ముందు చూడండి; తెరుచుకుంటే ఈ వాదన బలహీనపడుతుంది. ప్లాన్‌తో ఓటీటీ చందా ఉచితంగా ఇవ్వడం మాత్రం ఈ నిషేధంలోకి రాదు.

వేగం విషయానికి వస్తే, ఒక యాప్‌ను ఎంచుకుని అడ్డుకోరాదని, నెమ్మదింపజేయరాదని 2018లో టెలికాం శాఖ లైసెన్సు షరతుల్లో చేర్చింది. కాని రద్దీ వేళ సహేతుకంగా, తాత్కాలికంగా, పారదర్శకంగా చేసే ట్రాఫిక్ నియంత్రణకు అనుమతి ఉంది. అసలు కష్టం రుజువులోనే ఉంది. ఒకే వేళలో మామూలుగానూ, మీరు ఏ యాప్ వాడుతున్నారో కంపెనీకి కనబడకుండా దాచే వీపీఎన్ ద్వారానూ ఆ యాప్‌ను నడిపి, తేడాను తేదీలు, సమయాలతో సహా కొన్నాళ్లపాటు నమోదు చేయండి. ఇది అనుమానాన్ని బలపరుస్తుందే తప్ప, ఒక్కటే పూర్తి సాక్ష్యం కాదు.

ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను స్వయంగా విచారించదు. ముందు కంపెనీ కాల్ సెంటర్‌లో ఫిర్యాదు నమోదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) తీసుకోండి. పరిష్కరించకపోతే, పరిష్కారానికి ఉన్న గడువు ముగిసిన 30 రోజుల్లో, కంపెనీలోనే అప్పీళ్లు చూసే అప్పిలేట్ అథారిటీకి రుసుము లేకుండానే అప్పీలు చేయవచ్చు. ఫలితం లేకుంటే మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోగా వెళ్లవచ్చు. టెలికాం వివాదాలు ఆ కమిషన్ల పరిధిలోకి రావన్న వాదనను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తోసిపుచ్చింది. కమిషన్‌కు వెళ్లే ముందు పంపే నోటీసును కేబుల్ ఆపరేటర్‌తో సరిపెట్టకుండా, బిల్లుపై పేరున్న లైసెన్సుదారు కంపెనీకి తప్పక పంపండి.