తుపాను తర్వాత మిద్దె మీద దొరికిన పక్షి: సమాధానం
అన్నా, తుపాను వాన వెలిశాక ప్రొద్దుటూరులో మీ మిద్దె మీద దొరికిన పక్షి, ఫోటోలో నల్ల వీపు, తెల్ల నుదురు, చీలిన తోక చూస్తే, సూటీ టెర్న్ లాగే ఉంది. నడిసముద్రంలో బతికేది, పాపం గాలి ఇంత దూరం తోసుకొచ్చింది.

బకెట్ నీళ్లలో వదిలామన్నారే, ఇంకోసారి ఆ పని చేయకండి. సముద్రపు పక్షే అయినా దీని ఈకలు నీళ్లకు ఆగవు, తడిసి ముద్దవుతాయి. నోట్లో నీళ్లు పోయకండి, అన్నం మెతుకులు అసలే వద్దు. అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, పాత లుంగీ పరిచి, చీకటి మూలన పెట్టండి. పిల్లలు జాగ్రత్త, కంటికేసి పొడుస్తుంది. ముక్కు మీది తెల్లచార గురించి టెన్షన్ వద్దు. కళ్లపైన ఉండే గ్రంథులు బయటికి తోసే ఉప్పు అయ్యుంటుంది. పొద్దున్నే అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేయండి. ఈలోగా మిద్దె మీంచి ఎగరేయాలని చూడకండి.