ఆరుబయట ఆడిస్తే పిల్లలకు మాటలు పెరుగుతాయా?

మీ బాబు రెండున్నరేళ్లకు బొమ్మల పుస్తకం చూసి పేర్లు చెబుతున్నాడు గానీ మాటలు కలపడం లేదని, ఆరుబయట ఆడిస్తే ప్రయోజనం ఉంటుందా అని అడిగారు. మా అమ్మాయి విషయంలో ఉంది, అయితే నేను మొదట అనుకున్న కారణం వల్ల కాదు.

ఆ వయసులో తనకూ వస్తువుల పేర్లు బాగానే వచ్చు, క్రియాపదాలే తక్కువ. బయటికి తీసుకువెళ్లిన కొత్తలో కనిపించిన ప్రతిదాని పేరూ చెప్పి పలికించేవాణ్ణి. అంటే బొమ్మల పుస్తకాన్నే చెట్ల కిందికి మోసుకెళ్లానన్నమాట. ఒక రోజు తను చీమల బారు దగ్గర కూర్చుని ఎంత పిలిచినా లేవకపోవడంతో, గత్యంతరం లేక నేనూ పక్కనే చతికిలబడ్డాను. ఒక చీమ తన ఒంటికి మించిన పురుగు రెక్కను ఈడుస్తోంది. రెక్క జారింది. "పడింది" అంది మా అమ్మాయి. "అవును, బరువుగా ఉంది, జారిపోయింది" అన్నాను. చాలాసేపటి తరువాత "చీమ మళ్లీ లాగింది" అంది. తన నోట మూడు మాటల వాక్యం వినడం నాకు అదే మొదలు.

బొమ్మలోని చీమ గురించి "ఇది ఏమిటి" అన్న ప్రశ్నకు మించి అడగడానికి పెద్దగా ఏమీ ఉండదు. నేల మీది చీమ పాకుతుంది, ఆగుతుంది, దారి తప్పుతుంది కనుక దాని గురించి చెప్పాలంటే క్రియలు కావలసి వస్తాయి. పైగా పిల్లలు తాము చూస్తున్నదాన్నే పెద్దలూ చూస్తూ మాట్లాడినప్పుడు ఆ మాటను ఆ వస్తువుతోనో పనితోనో సులువుగా జతచేసుకుంటారు. ఏడాది నిండే వేళకు వేలు చూపించడం మొదలుపెట్టేది కూడా ఇలా మన చూపును తాము చూస్తున్నదానివైపు తిప్పడానికే. 2018లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పరిశీలనలో, మూడు నాలుగేళ్ల పిల్లలూ తల్లిదండ్రులూ మాటకు మాట స్పందించుకునే తీరు నాలుగు గోడల మధ్య కంటే ప్రకృతిలో మెరుగ్గా ఉన్నట్టు తేలింది.

ఆ తరువాత నేను పరీక్షలు పెట్టడం మానేశాను. తను దేని దగ్గర ఆగితే అక్కడే ఆగి, ఒక మాట అని, మనసులో పది లెక్కపెట్టేవరకు ఊరుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ పది లెక్కపెట్టడమే నాకు అన్నిటికంటే కష్టమైంది. ఫోను జేబులోంచి తీసేవాణ్ణి కాదు. రాత్రి పడుకునే ముందు "చీమ ఏం చేసింది?" అని అడిగితే, ఎదుట లేనిదాన్ని గుర్తుచేసుకుని జరిగిన వరుసలో చెప్పడం కొన్ని నెలలకు అలవాటైంది.

అయితే రెండేళ్లు నిండేసరికి చాలామంది పిల్లలు రెండు మాటలైనా కలుపుతారు. మీ బాబు రెండున్నరేళ్లకూ కలపడం లేదన్నారు కనుక వినికిడి పరీక్షను, స్పీచ్ థెరపిస్టు సలహాను వాయిదా వేయకండి. బయటి ఆట వాటితోపాటు సాగాలే గానీ వాటికి బదులు కాదు.