మెయిన్ వైరు కోయకుండానే కరెంటు లెక్క

ప్రశ్న: మాస్టారికి నమస్కారమండి. మాది మలికిపురం దగ్గర పల్లెటూరు. మావారు కువైట్‌లో ఉంటారు, ఇక్కడ నేనూ అత్తయ్యగారూ పిల్లలూ మా మరిదీ ఉంటాం. కిందటేడు కొత్తిల్లు కట్టుకుని రెండు ఏసీలు, గీజరు, ఇండక్షన్ పొయ్యి పెట్టుకున్నాం, ట్యాంకు నింపడానికి ఒక హెచ్‌పీ మోటారుంది. ఎండాకాలం బిల్లు చూసి గుండె ఆగినంత పనైంది. ఏది ఎంత లాగుతోందో తేల్చాలని మా మరిది ఆన్‌లైన్‌లో ఒక వైఫై డబ్బా తెప్పించాడు, యూనిట్లు ఫోన్లో కనిపిస్తాయట. మీటరు నుంచి లోపలికొచ్చే వైరు కోసి దాని మధ్యలో ఈ డబ్బా పెడతానంటున్నాడు. డబ్బా మీద 16 ఆంపియర్లు అని రాసి ఉంది, మా మెయిన్ ఎంసీబీ (లోడెక్కువైతే తనే పడిపోయే స్విచ్చు) మీద 40 అని ఉంది. వద్దంటే "మీకు తెలీదు వదినా" అంటున్నాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ భయంలో న్యాయముంది. ముందు ఆ పని ఆపించండి, ఆ తర్వాత ఇది మీ మరిదికి కూడా చదివి వినిపించండి. కుర్రాడి ఆలోచన మంచిదే, ఇంట్లో కరెంటు ఎటు పోతోందో తెలుసుకోవాలనుకోవడం తప్పు కాదు, ఎంచుకున్న చోటే ప్రమాదం.

మీ ఇంటి సామాన్లు లెక్కేద్దాం. ఒకటిన్నర టన్ను ఏసీ నిండుగా తిరిగేటప్పుడు సుమారు 1500 వాట్లు, రెండూ కలిపి 3000. గీజరు 2000, ఇండక్షన్ పొయ్యి 2000. మోటారు ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లే కదా అంటారు, అది మోటారు బయటికి చేసిపెట్టే పని, వైర్లోంచి లాగేది సుమారు 1000. మొత్తం 8000 వాట్లు, 230 వోల్టులతో భాగిస్తే దగ్గర దగ్గర 35 ఆంపియర్లు. ఇదంతా 16 ఆంపియర్ల డబ్బాలోంచి వెళ్లాలి. ఎంసీబీ కాపాడుతుందిలే అనుకోవద్దు, అది 40ది, 35 వెళ్తుంటే దానికి అంతా బాగున్నట్టే, పడిపోదు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది, అంటే మెయిన్ పడకుండానే డబ్బా కరిగిపోవచ్చు.

ఇలాంటిది నేను కళ్లారా చూశాను. పాలకొల్లు దగ్గర ఒకరింట్లో రెండు రోజులుగా వరండాలో చేపలు మాడిన వాసన వస్తోందట, వంటింట్లోంచే అనుకుని ఊరుకున్నారు. ప్లాస్టిక్కు, వైరు తొడుగు వేడెక్కితే ఒక్కోసారి అచ్చం అలాంటి వాసనే వస్తుందండి, మన వైపు ఇళ్లలో అది పట్టుకోవడం మరీ కష్టం. బోర్డు విప్పిస్తే మెయిన్ దగ్గర ఫేజు వైరు తొడుగు రెండంగుళాల మేర గోధుమ రంగుకి తిరిగి పెళుసుగా పెచ్చులూడుతోంది, రాగి మీద పచ్చటి చిలుము. స్క్రూ పెట్టి తిప్పితే ఒకటిన్నర చుట్టు తిరిగింది, అంత వదులు! ఎవరో మధ్యలో ఏదో పరికరం పెట్టడానికి విప్పి మళ్లీ బిగించారు, బిగువు చాల్లేదు. సముద్రం దగ్గర్లో ఉప్పుగాలికి జాయింట్లు తొందరగా పాడవుతాయి, మీకైతే అంతర్వేది ఎంతో దూరం కాదు. అందుకే మెయిన్ వైరుకి కొత్తగా ఒక్క అతుకు కూడా పెట్టొద్దని ఇంతగా చెబుతున్నాను.

మరి లెక్క ఎలా? పైసా ఖర్చు లేని పద్ధతి మీ మీటర్లోనే ఉంది. మీటరు ముఖం మీద చిన్న ఎర్ర లైటు మినుకుమంటుంటుంది చూడండి, దాని పక్కన 1600 అనో 3200 అనో ఒక అంకె ఉంటుంది, అన్నిసార్లు మినుక్కుమంటే ఒక యూనిట్ అయినట్టు. ఇంట్లో అన్నీ కట్టేసి ఏసీ ఒక్కటి వేయండి, పావుగంటాగి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. లైటు వెలిగినప్పుడు సున్నా అనుకుని మొదలెట్టి పదో వెలుగు దగ్గర ఆపండి. 3200 మీటరైతే 11250ని ఆ సెకన్లతో భాగించండి, వచ్చినవే వాట్లు. పది వెలుగులకు ఏడున్నర సెకన్లు పట్టిందంటే 1500 వాట్లన్నమాట. 1600 మీటరైతే 22500ని భాగించాలి. గీజరుకి, మోటారుకి విడివిడిగా ఇలాగే చూసి కాగితం మీద రాసుకోండి. ఏసీ మాత్రం చల్లబడ్డాక తక్కువ లాగుతుంది కాబట్టి ఒక్కసారి చూసి తేల్చేయకుండా మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూడండి.

అన్నీ కట్టేశాక కూడా లైటు మినుకుమంటుంటే ఏదో మర్చిపోయారన్నమాట, ఎక్కువగా ఇన్వర్టర్ బ్యాటరీ చార్జింగో సెట్‌టాప్ బాక్సో అయి ఉంటుంది. అది ఆగిపోయి స్థిరంగా వెలుగుతుంటే కంగారు పడకండి, కొన్ని మీటర్లలో లోడు లేదనడానికి అదే గుర్తు. మెయిన్ కూడా కట్టేసినా మినుకుమంటూనే ఉంటే మాత్రం మీరు వేలు పెట్టకుండా 1912కి ఫోన్ చేయండి.

మీ మరిదికి ఫోన్లోనే చూడాలని ఉంటే దానికీ దారుంది. సీటీ అని ఒక రింగు వస్తుంది, గాజులా తెరుచుకుని వైరు చుట్టూ మూసుకుంటుంది. వైరు కోయక్కర్లేదు, తొడుగు కూడా తీయక్కర్లేదు, లోపల పారే కరెంటుకి చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని బట్టి లెక్క చెబుతుంది. 40 ఆంపియర్ల మెయిన్‌కి 100 ఆంపియర్ల సీటీ ఉన్న మీటరు హాయిగా సరిపోతుంది. ఫేజు వైరు ఒక్కటే రింగులో ఉండాలి, ఫేజూ న్యూట్రలూ కలిపి పెడితే వెళ్లేదీ తిరిగొచ్చేదీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది, పరికరం పాడైందని జనం వెనక్కి పంపించేస్తారు. ఇంకోటి, సీటీ వైర్లు ముందు పరికరానికి బిగించాకే రింగు మెయిన్ వైరుకి తొడగాలి. కొన్ని రకాల సీటీలకు కరెంటు పారుతుండగా ఆ చివర్లు ఊడి ఉంటే అక్కడ ప్రమాదకరమైన వోల్టేజి పుడుతుంది.

ఇది కూడా లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించండమ్మా. రింగు తొడగడం తేలికే కానీ అందుకోసం బోర్డు మూత విప్పాలి, పరికరానికి వోల్టేజి అందడానికి చిన్న ఎంసీబీ ద్వారా రెండు సన్న వైర్లు ఇవ్వాలి. మెయిన్ కట్టేశాం కదా అని ధీమాగా చెయ్యి పెట్టకూడదు, మీటరు నుంచి మెయిన్ దాకా వచ్చే వైర్లో కరెంటు అలాగే ఉంటుంది. ఇన్వర్టర్ ఉంటే అది వెనకనుంచి కొన్ని పాయింట్లకు ఇస్తూనే ఉంటుంది, దాన్నీ కట్టేయాలి. ఎక్కడైనా టెస్టర్‌తో చూసుకున్నాకే ముట్టుకోవాలి. మీటరు సీళ్ల జోలికి ఎవరూ వెళ్లకూడదు, 2003 విద్యుత్ చట్టం ప్రకారం అది నేరం. బోర్డు ఎలాగూ విప్పుతాడు కాబట్టి అన్ని స్క్రూలూ బిగించమనండి, కరెంటు లీకైతే వెంటనే కట్టేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడమనండి, లేకపోతే ఈ మీటరు కన్నా ముందు అది పెట్టించండి. బిల్లు మీద మీ లోడు ఎన్ని కిలోవాట్లని రాసుందో కూడా చూసుకుని, తక్కువుంటే అదనపు లోడుకి దరఖాస్తు పెట్టండి.

కొన్న డబ్బా పారేయక్కర్లేదు. దాన్ని ఫ్రిజ్ ఉన్న లైనులో ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి, ఆ కరెంటు దానికి లెక్కే కాదు.

ప్రశ్న: మాది భీమవరం దగ్గరండి. చెరువు మీద త్రీఫేజు మీద ఆరు ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) నడుస్తాయి, ఒక్కోటి రెండు హెచ్‌పీ. వాటికీ ఫోన్లో కనపడే మీటరు పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు, మీకైతే బిల్లు కన్నా పెద్ద లాభముంది. త్రీఫేజు మీటరు, మూడు సీటీలు, ఫేజుకొకటి. ఒక్కో ఏరేటరు సుమారు మూడు, మూడున్నర ఆంపియర్లు లాగుతుంది, ఆరూ నడిస్తే ఒక్కో ఫేజులో ఇరవై దాకా కనపడాలి. ఏ రాత్రో అది పదిహేడుకి దిగిందంటే ఒకటి ఆగినట్టు, ఒక ఫేజు సున్నాకొచ్చి మిగతా రెండూ పెరిగితే ఫేజు పోయి మోటార్లు కాలబోతున్నట్టు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తక్కువుండే వేళ కాబట్టి ఆ అలారం మీ ఫోన్లో గట్టిగా మోగేలా పెట్టుకోండి. అయితే అలారం వచ్చి మీరు గట్టు మీదికి చేరేసరికి మోటారు కాలిపోవచ్చు, అందుకని ఒక ఫేజు పోగానే మోటార్లని ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ముందు ఉండాలి. ప్యానెల్ నీళ్లు పడని పెట్టెలో, గట్టు మీద కిందటేడు నీళ్లొచ్చిన మట్టానికి పైన పెట్టించండి, తడి చేతులతో, తడి కాళ్లతో దాని మూత ఎవరూ తీయకుండా తాళం వేయండి.